బ్రిటిష్ ఇంటర్నేషనల్ స్కూల్లో అడ్మిషన్: దరఖాస్తు నుంచి ఆప్షన్స్ దాకా నా అనుభవం

మా ఇద్దరు పిల్లలు ఈమధ్యే బ్రిటిష్ కరిక్యులమ్ ఉన్న ఇంటర్నేషనల్ డే స్కూల్లో చేరారు. పెద్దవాడు ఇయర్ 9లో, చిన్నది రిసెప్షన్‌లో, అంటే ఇయర్ 1కు ముందు తరగతిలో. అక్టోబరులో మొదలైన పని మరుసటి సెప్టెంబరు దాకా సాగింది. ఏ నెలలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, డబ్బు ఎప్పుడెప్పుడు కట్టాలో వరసగా రాస్తున్నాను. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారే కుటుంబాలకూ, స్థానికంగా ఉంటూ ఇలాంటి బడికి మారాలనుకునేవాళ్ళకూ ఇది ఒకేలా పనికొస్తుంది.

ఫీజుల పట్టిక చూడకముందే పిల్లలు ఏ ఇయర్ గ్రూప్‌లోకి వస్తారో తేల్చుకోవాలి. మిగతా అంతా దానిమీదే నడుస్తుంది. లెక్క చాలా కచ్చితం: సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 లోపు పుట్టినవాళ్ళంతా ఒకే ఇయర్. ఆగస్టు 31 నాటికి నాలుగేళ్ళు నిండితే రిసెప్షన్, అయిదు నిండితే ఇయర్ 1, పదమూడు నిండితే ఇయర్ 9. రిసెప్షన్‌ను కొన్ని బళ్ళు ఎఫ్‌ఎస్ 2 అంటాయి. పన్నెండు తరగతుల లెక్కలో చదివి వచ్చేవాళ్ళకు ఇయర్ అంకె సాధారణంగా ఒకటి ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లవాడిని ఒక తరగతి ముందుకు తోశారేమోనని చాలామంది కంగారు పడతారు, అలా ఏమీ ఉండదు. వయసు ఒకటే, అంకె మాత్రమే వేరు.

మా చిన్నది సెప్టెంబరు మొదటి వారంలో పుట్టింది. ఆ కొద్ది రోజుల తేడాతో తరగతిలో అందరికన్నా పెద్దదైంది. ఇలాంటప్పుడు పై ఇయర్‌లో వేయమని అడిగేవాళ్ళు ఎక్కువే. బళ్ళు దాదాపు ఎప్పుడూ ఒప్పుకోవు. నాకూ మొదట ఏడాది పోయిందే అనిపించింది కానీ, చేరాక చూస్తే బడి మాటే సరైనదనిపించింది. ఆగస్టు చివర్లో పుట్టి, నాలుగు నిండగానే వచ్చిన పిల్లలకు పెన్సిల్ పట్టడం, కోటు జిప్పు వేసుకోవడం, పదిమందిలో తన వంతు వచ్చేదాకా ఆగడం ఎంత కష్టమో అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

పెద్ద పిల్లల విషయంలో ఇయర్ అంకె ఇంకా ముఖ్యం. ఇయర్ 10, 11 కలిసి రెండేళ్ళ ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతిలాంటి బోర్డు పరీక్ష) కోర్సు. ఇయర్ 10 మొదట్లో చేరితే ఫరవాలేదు. మధ్యలో చేరితే పాత బడిలో ఒక బోర్డు, ఇక్కడ ఇంకో బోర్డు ఉండి, అప్పటిదాకా చదివింది సగం వృథా అవుతుంది. ఇయర్ 11లోకి కొత్తవాళ్ళను తీసుకోవడం అరుదు. ఇయర్ 9 అయితే సబ్జెక్టులు ఎంచుకునే ముందు బడిని అర్థం చేసుకోవడానికి కొంత సమయం దొరుకుతుంది. మేము ఆ ఏడాదినే పట్టుకోవాలనుకున్నది ఇందుకే. పిల్లలు ఇయర్ 7, 8లలో ఉండగా బడి మార్పు తప్పదని తెలిస్తే వాయిదా వేయకండి.

అక్టోబరు, నవంబరు ఓపెన్ మార్నింగ్‌ల కాలం. హాలు, ఈత కొలను, కొత్త ల్యాబు చూపిస్తారు. వాటికంటే తరగతి గదుల గోడల మీద ఉన్న పిల్లల నోటు పుస్తకాలు, రాతలు చూడండి. టీచరు దిద్దిన చోట పిల్లవాడు మళ్ళీ రాశాడా, లేక ఎర్ర టిక్కులే ఉన్నాయా అన్నది చాలా చెబుతుంది. అడగాల్సిన ప్రశ్నల్లో నాకు బాగా పనికొచ్చినవి మూడు. గత వేసవిలో ఎంతమంది టీచర్లు మారారు? తరగతి టీచర్లకు పీజీసీఈ (బ్రిటన్ టీచరు శిక్షణ కోర్సు) గానీ, ఇంగ్లండ్ టీచరు అర్హత క్యూటీఎస్ గానీ ఉందా? చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది? ఇంటర్నేషనల్ బళ్ళలో టీచర్ల కాంట్రాక్టులు చాలాచోట్ల రెండేళ్ళవే కాబట్టి కొంత మార్పు సహజం. ఆ ప్రశ్న వేయగానే మాట దాటేస్తే మాత్రం ఆలోచించాల్సిందే.

తనిఖీ గురించి ఇంకో మాట. బోర్డు మీద బ్రిటిష్ అని ఎవరైనా రాసుకోవచ్చు. కేంబ్రిడ్జ్ లేదా పియర్సన్ ఎడెక్సెల్ కేంద్రం అంటే ఆ బోర్డు పరీక్షలు పెట్టడానికి ఆమోదం ఉందని అర్థం. మొత్తం బడి తీరును ఇంగ్లండ్ ప్రమాణాలతో కొలిచేది బ్రిటన్ విద్యాశాఖవారి బ్రిటిష్ స్కూల్స్ ఓవర్సీస్ పథకం. ఆ తనిఖీ నివేదిక అందరూ చదవగలిగేలా ఉంటుంది. అందులో పిల్లల భద్రత, సిబ్బంది నియామకంలో పాటించే జాగ్రత్తల భాగాన్ని తప్పకుండా చదవండి. పాఠాల గురించి ఎవరైనా గొప్పగా చెబుతారు, కొత్తగా వచ్చే టీచరు పాత రికార్డును ఎలా సరిచూస్తారో అందరూ చెప్పలేరు.

దరఖాస్తు నింపడానికి ఒక సాయంత్రం చాలు. జత చేయాల్సిన కాగితాలకే వారాలు పడతాయి. పాస్‌పోర్టు, నివాస అనుమతి, జనన ధ్రువపత్రం, టీకాల పత్రం, గత రెండేళ్ళ రిపోర్టులు కావాలి. ఇంగ్లిష్‌లో లేనివాటికి ధ్రువీకరించిన అనువాదం ఉండాలి. ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. మన చేతిలో లేనిది రిఫరెన్స్, అంటే పిల్లవాడి గురించి పాత బడి ఇచ్చే అభిప్రాయం. కొత్త బడి ఒక ఫారం పంపుతుంది. దాన్ని పాత బడి ప్రిన్సిపలో క్లాస్ టీచరో నింపి, బడి అధికారిక ఈమెయిలు నుంచి నేరుగా కొత్త బడికి పంపాలి. మనం చూడకూడదు, మన ద్వారా వెళ్ళకూడదు. టీచరు సొంత ఈమెయిలు నుంచి వెళితే తిప్పి పంపేస్తారు. పాత బడికి సెలవులు వస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది. మా ఫైలు ఎక్కువ రోజులు ఆగిందీ ఇక్కడే. పాత బడివాళ్ళకు ముందుగా చెబితే పిల్లవాడిని వేరుగా చూస్తారేమోనన్న బెరుకుతో చాలామంది ఈ మాట చివరిదాకా దాస్తారు. దరఖాస్తు పెట్టిన రోజే చెప్పేయడం మంచిది. రిఫరెన్స్ రాకుండా పరీక్ష తేదీ ఇవ్వని బళ్ళున్నాయి.

ఫారంలో ఒక పేజీ పిల్లల అదనపు అవసరాల గురించి ఉంటుంది: మాట ఆలస్యం, చదవడంలో ఇబ్బంది, ఏకాగ్రత సమస్య, గతంలో సైకాలజిస్ట్ ఇచ్చిన నివేదిక. ఇది రాస్తే సీటు పోతుందన్న భయం తల్లిదండ్రులకు ఉండటం సహజమే. అయినా దాచకండి. దాచిన విషయం తర్వాత బయటపడితే ఇచ్చిన సీటు వెనక్కు తీసుకునే హక్కు నిబంధనల్లోనే ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం పిల్లలకు. ముందే చెబితే లెర్నింగ్ సపోర్ట్ టీచరు మొదటి వారం నుంచే ఉంటారు. పరీక్షల్లో అదనపు సమయం కావాలంటే, అది పిల్లవాడు బడిలో రోజూ పనిచేసే పద్ధతే అని బోర్డుకు ఆధారాలు చూపాలి. ఆ ఆధారాలు ఇయర్ 11లో అప్పటికప్పుడు తయారు కావు.

జనవరిలో పరీక్షలు. చిన్నదానికి స్టే అండ్ ప్లే అని పిలిచారు. నలుగురైదుగురు పిల్లల్ని ఒక గదిలో ఆడుకోనిచ్చి ఇద్దరు టీచర్లు గమనిస్తారు. గంట కూడా పట్టదు. అమ్మానాన్నలను వదిలి ఉండగలదా, రెండు పనులు వరసగా చెబితే చేస్తుందా, బొమ్మ ఇంకొకరి చేతిలో ఉంటే ఏం చేస్తుంది, మాట్లాడించబోతే చూపు కలుపుతుందా అని చూస్తారు. మరుగుదొడ్డికి సొంతంగా వెళ్ళగలగడం రిసెప్షన్‌లో తప్పనిసరి అన్నట్టే. అక్షరాలు, అంకెలు వల్లె వేయించి తీసుకెళ్ళనక్కర్లేదు. ఇంగ్లండ్ శిశువిద్యా పద్ధతిలో ఏడు అంశాలుంటే, వాటిలో పునాదిగా పెట్టుకున్నవి మాట్లాడటం, శరీర కదలిక, తోటివారితో మెలగడం. చదువు, లెక్కలు ఆ తర్వాతే వస్తాయి.

ఇంట్లో తప్పకుండా చేయదగ్గ పని ఒకటుంది. అక్షరాల పేర్లు పక్కనపెట్టి ధ్వనులు నేర్పడం. ఇక్కడ చదవడం ఫోనిక్స్‌తో మొదలవుతుంది. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అక్షరాల ధ్వనులతో మొదలుపెట్టే బళ్ళు ఎక్కువ. ధ్వనిని పొల్లుగా పలకాలి: "స్", "ట్", "ప్". మనవాళ్ళు అలవాటుగా "స", "ట", "ప" అని చివర అకారం చేరుస్తారు. అప్పుడు పిల్ల మూడు ధ్వనులు కలిపితే మాట రాదు. మన పొల్లు హల్లులు తెలిసిన ఇంట్లో ఇది అయిదు నిమిషాల్లో దిద్దుకోగలిగిన విషయం. ఇంగ్లండ్‌లో ఇయర్ 1 చివర పిల్లలతో నలభై మాటలు చదివించే ఫోనిక్స్ పరీక్ష ఉంది, అందులో సగం అర్థం లేని కల్పిత మాటలే. బొమ్మ చూసి ఊహించకుండా ధ్వనులు కలిపి చదువుతున్నారా అన్నది అలా తేలుతుంది. ఈ పరీక్ష పెట్టే విదేశీ బ్రిటిష్ బళ్ళు కూడా చాలానే ఉన్నాయి.

పెద్దవాడికి మూడు భాగాలు: కంప్యూటర్ మీద క్యాట్ ఫోర్, కాగితం మీద ఇంగ్లిష్, లెక్కలు, ఆ తర్వాత హెడ్ ఆఫ్ ఇయర్‌తో (ఆ ఇయర్ మొత్తానికి బాధ్యత ఉన్న టీచరుతో) మాటామంతీ. విరామాలతో కలిపి ఒక పూట పూర్తిగా పోతుంది. క్యాట్ ఫోర్‌లో ఎనిమిది చిన్న పరీక్షలు, ఒక్కోటి సుమారు పది నిమిషాల లోపే. మాటలతో తర్కం, అంకెలతో తర్కం, బొమ్మల వరసలు, ఆకారాలను మనసులో తిప్పి చూడటం అని నాలుగు రకాల శక్తిని కొలుస్తుంది. దీనికి సిలబస్ లేదు. కోచింగ్‌కు డబ్బు పోయకండి. ప్రశ్న ఎలా ఉంటుందో తెలిసేలా కొన్ని నమూనాలు చూపించి, రాత్రి బాగా నిద్రపోనిస్తే చాలు. వయసును బట్టి సర్దిన స్కోరులో సగటు 100. 89 నుంచి 111 దాకా మామూలు స్థాయి కిందే లెక్క.

బడి ఆ స్కోరును ఎలా చదువుతుందో తెలుసుకోవడం ముఖ్యం. ఉదాహరణకు ఒక పిల్లవాడికి మాటల్లో 88, బొమ్మల్లో 115 వచ్చాయనుకుందాం. తెలివి ఉంది, ఇంగ్లిష్ ఇంకా రావాలి అని అర్థం చేసుకుంటారు. అలాంటివాళ్ళను తిరస్కరించకుండా ఈఏఎల్ సాయంతో తీసుకుంటారు. ఈఏఎల్ అంటే ఇంగ్లిష్ ఇంటి భాష కాని పిల్లలకు ఇచ్చే ప్రత్యేక బోధన. కొన్ని బళ్ళలో దానికి విడిగా ఫీజు ఉంటుంది, కొన్నింట్లో ట్యూషన్ ఫీజులోనే కలిసి ఉంటుంది. క్యాట్ ఫోర్ రిపోర్టు అడగకపోతే మనకు ఇవ్వరు. అడిగితే చాలా బళ్ళు కూర్చోబెట్టి వివరిస్తాయి.

లెక్కల్లో మన పిల్లలు వేగంగా చేస్తారు, జవాబు ఒక్కటే రాసి ఊరుకుంటారు. ఇక్కడ పద్ధతికి విడిగా మార్కులుంటాయి. జవాబు తప్పినా దారి సరైతే మార్కు వస్తుంది, దారి చూపకపోతే కొన్ని ప్రశ్నల్లో సరైన జవాబుకూ పూర్తి మార్కులు రావు. సంభావ్యత, పటాలను తిప్పడం, ప్రతిబింబించడం వంటివి పాత సిలబస్‌లో రాకపోయి ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో కష్టం వ్యాకరణంతో రాదు. "రచయిత ఈ మాటే ఎందుకు వాడాడు" అన్నలాంటి ప్రశ్నతో వస్తుంది. కంఠస్థం చేసిన వ్యాసం ఇక్కడ పనిచేయదు.

ఫలితానికి రెండు మూడు వారాలు అన్నారు, నెల పట్టింది. ఆ నెల నిజంగా బరువైనది. ఒక బిడ్డకు సీటు వచ్చి ఇంకొకరికి రాకపోతే ఏం చేయాలన్నదే రాత్రింబవళ్ళూ మనసులో తిరిగేది. జరిగింది సరిగ్గా అదే. పెద్దవాడికి ఆఫర్ వచ్చింది, చిన్నది వెయిటింగ్ లిస్టులో పడింది.

వెయిటింగ్ లిస్టు ఎప్పుడు కదులుతుందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక చాలామంది ఆశ వదులుకుని వేరేచోట డబ్బు కట్టేస్తారు. బడి మానేయాలంటే ఒక పూర్తి టర్మ్ ముందు రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. ఏడాదికి మూడు టర్మ్‌లు. వేసవిలో వెళ్ళిపోయేవాళ్ళు వేసవి టర్మ్ మొదలయ్యే ముందే, అంటే మార్చి చివరో ఏప్రిల్ మొదట్లోనో నోటీసు ఇస్తారు. అందుకే మొదటి కదలిక ఏప్రిల్‌లో ఉంటుంది. కంపెనీలు బదిలీ ఉత్తర్వులు ఇచ్చే జూన్‌లో రెండోది. సీటు తీసుకుని రాకుండా ఆగిపోయినవాళ్ళవల్ల ఆగస్టు చివరి వారంలో మూడోది. వరసలో ముందున్న అంకె ఒక్కటే లెక్కకు రాదు. అన్నో అక్కో అదే బడిలో ఉంటే ప్రాధాన్యం ఉంటుంది. కొన్ని నగరాల్లో డిబెంచర్ (బడికి అప్పుగా డబ్బిచ్చే పత్రం) కొన్న కంపెనీల ఉద్యోగుల పిల్లలకు విడిగా సీట్లుంటాయి. పెద్దవాడి సీటు ఖాయం చేయగానే చిన్నదానికి తోబుట్టువు ప్రాధాన్యం వచ్చింది. ఏప్రిల్ చివర్లో కబురు వచ్చింది. నెలకోసారి మర్యాదగా రెండు వాక్యాల ఈమెయిలు రాస్తే చాలు. వారానికి మూడు ఫోన్లు చేస్తే ఏమీ కలిసిరాదు.

ఆఫర్ లెటరుకు గడువు సాధారణంగా ఒకటి రెండు వారాలే. ఆ సంతోషంలో సంతకం పెట్టేస్తాం. పెట్టేముందు నిబంధనల్లో మూడుచోట్ల ఆగాలి. నోటీసు నిబంధన మొదటిది: టర్మ్ నోటీసు ఇవ్వకపోతే ఒక టర్మ్ ఫీజు కట్టాలి. సీటు తీసుకుని అసలు చేరకపోయినా ఇది వర్తించవచ్చు. ఉద్యోగం బదిలీ అన్నది మినహాయింపు అవుతుందేమో ముందే రాతలో అడగండి. రెండోది డిపాజిట్. తిరిగి ఇస్తామంటారు గానీ, బడి వదిలాక, బాకీలన్నీ పట్టుకుని, కొన్ని వారాల తర్వాత ఇస్తారు. మూడోది సంతకాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ పెడితే మొత్తం ఫీజుకు ఇద్దరిలో ఎవరినైనా పూర్తిగా అడగవచ్చు. కంపెనీ ఫీజు కడుతున్నా, కంపెనీ కట్టకపోతే బాధ్యత మనదే.

ఖర్చుల విషయంలో ట్యూషన్ ఫీజు పెద్దదే అయినా ఆశ్చర్యపరిచేది అది కాదు. మొదటి ఏడాదికే మీదపడేవి వేరే ఉన్నాయి: దరఖాస్తు ఫీజు, కొన్నిచోట్ల పరీక్ష ఫీజు, సీటు ఖాయం చేసే రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, భవనాల పేరిట డెవలప్‌మెంట్ లెవీ. వీటిలో తిరిగి వచ్చేది డిపాజిట్ ఒక్కటే. తోబుట్టువుల రాయితీ ఉంటే అది ట్యూషన్‌కే, చాలాసార్లు మూడో బిడ్డ నుంచే. బస్సు, భోజనం, యూనిఫాం, ల్యాప్‌టాప్, విహారయాత్రలు విడి. ఇయర్ 11లో బోర్డు పరీక్ష ఫీజు సబ్జెక్టుకు ఇంత అని వసూలు చేస్తారు, అది ట్యూషన్‌లో ఉండదు. ఫీజుల పేజీ చూసి ఊరుకోకుండా, "మొదటి పన్నెండు నెలల్లో ఏ తేదీకి ఎంత కట్టాలి" అని అకౌంట్స్ విభాగాన్ని రాతలో అడగండి. ఆ ఒక్క కాగితంతో ఇంటి లెక్క తేలిపోతుంది.

యూనిఫాం జూన్‌లోనే కొనాలి. ఆగస్టుకు చిన్న సైజులు, పీఈ (వ్యాయామం) దుస్తులు దొరకవు. పీఈ టీషర్టు రంగు హౌస్‌ను బట్టి ఉంటుంది, ఏ హౌసో బడి చెప్పేదాకా అది కొనకండి. ప్రతి వస్తువు మీదా పేరు ఉండాలి, సాక్సులతో సహా. రిసెప్షన్‌లో ఇరవైమంది ఒకేరకం స్వెట్టరు విప్పి పడేస్తారు. పేరు లేనిది ఇక ఇంటికి రాదు.

సెప్టెంబరులో మొదటి వారాలు చిన్నవాళ్ళకంటే పెద్దవాళ్ళకే కష్టం. చిన్నది మూడోనాటికి చెయ్యి వదిలించుకుని లోపలికి పరుగెత్తింది. పెద్దవాడు చాలాకాలం భోజన విరామంలో ఒంటరిగా కూర్చున్నాడని టీచరు చెప్పినప్పుడు నా గుండె తరుక్కుపోయింది. ఇలాంటప్పుడు వెళ్ళాల్సింది ప్రిన్సిపల్ దగ్గరికి కాదు, ఫారం ట్యూటర్ దగ్గరికి. రోజూ ఉదయం పిల్లల్ని చూసేది ఆయనే. అక్కడ తేలకపోతే హెడ్ ఆఫ్ ఇయర్. మాటల్లో వెనకబడిన పిల్లవాడికి ఏదో ఒక ఆటో, వాద్యమో, కోడింగ్ క్లబ్బో దొరికితే స్నేహాలు అక్కడ కుదురుతాయి. క్లబ్బుల నమోదు ఆన్‌లైన్‌లో తెరుచుకున్న కాసేపటికే నిండిపోతుంది, ఆ సమయం క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

రిపోర్టు కార్డు చూసి కంగారు పడకండి. శాతాలు, ర్యాంకులు ఉండవు. చిన్న తరగతుల్లో వయసుకు తగ్గ స్థాయికి ఇంకా చేరుతున్నారు, చేరారు, లోతుగా పట్టుకున్నారు అన్న మూడు మెట్లే. చేరారు అన్నది మంచి మాటే. పేరెంట్స్ ఈవినింగ్‌లో ఒక్కో టీచరుకు అయిదు పది నిమిషాలే ఇస్తారు. "వాడు ఎలా చదువుతున్నాడు" అని అడిగితే సమయం అక్కడే అయిపోతుంది. "తర్వాతి మెట్టుకు వెళ్ళాలంటే ఏం చేయాలి, దానికి నోటు పుస్తకంలో ఒక ఉదాహరణ చూపించండి" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఇయర్ 9లో చేరినవాళ్ళకు అసలు పరీక్ష ఫిబ్రవరి, మార్చిలో వచ్చే ఆప్షన్స్, అంటే ఇయర్ 10 నుంచి చదివే సబ్జెక్టుల ఎంపిక. ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు అందరికీ ఉంటాయి. మిగతావి బ్లాకుల్లో పేర్చి, బ్లాకుకు ఒకటి ఎంచుకోమంటారు. కావాల్సిన రెండూ ఒకే బ్లాకులో పడితే ఒకటి వదలాల్సిందే. అందుకే ఫారం వచ్చిన రోజే చూడాలి. సైన్సులో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను విడిగా చదవచ్చు, లేదా రెండు సబ్జెక్టుల విలువతో కలిపి చదవచ్చు. కలిపి చదివినా ఏ లెవల్‌కు (ఐజీసీఎస్‌ఈ తర్వాతి రెండేళ్ళ కోర్సుకు) దారి మూసుకుపోదు. అయితే ఆ కోర్సులో చేరడానికి ఏ గ్రేడు అడుగుతారో అదే బడిలో కనుక్కోండి. కేంబ్రిడ్జ్ లెక్కల్లో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయిలు. కోర్‌లో ఎంత బాగా రాసినా సి గ్రేడు దాటదు. ఇంజనీరింగ్, ఎకనామిక్స్ వైపు ఆలోచన ఉంటే ఎక్స్‌టెండెడ్ కావాల్సిందే. ఇంగ్లిష్‌ను మొదటి భాషగానా, రెండో భాషగానా రాయాలన్నది కూడా ఇప్పుడే తేలుతుంది. రెండోది సులువని తీసుకునేముందు, వెళ్ళాలనుకునే విశ్వవిద్యాలయం దాన్ని అంగీకరిస్తుందో లేదో దాని ప్రవేశ నిబంధనల్లో చూడాలి.

ఫారం ఇచ్చాక కూడా ఇయర్ 10 మొదటి కొన్ని వారాలు మార్పుకు అవకాశం ఇస్తారు, సీటు ఖాళీగా ఉంటేనే. మావాడు జాగ్రఫీ తీసేసి కంప్యూటర్ సైన్స్ కావాలంటున్నాడు. ఆ బ్లాకులో రెండు సీట్లున్నాయని చెప్పారు, పేరు రాయించాం.